మ్వాయి కిబాకీ: ఖజానా నుంచి ప్రతిపక్షానికి

మ్వాయి కిబాకీ (1931–2022) కెన్యా మూడో అధ్యక్షుడు. ఆ పదవికి రాకముందు 13 ఏళ్లు ఆర్థిక మంత్రి, పదేళ్లు ఉపాధ్యక్షుడు, 11 ఏళ్లు ప్రతిపక్ష నాయకుడు. పాలక పక్షమైన కెన్యా ఆఫ్రికన్ నేషనల్ యూనియన్ (కాను) నీడలో మూడు దశాబ్దాలు గడిపి, అరవై ఏళ్లు నిండాక 1991 క్రిస్మస్ నాడు మంత్రి పదవి వదిలి డెమోక్రటిక్ పార్టీ పెట్టారు. ఆయనకు తెగువ గలవాడన్న పేరు ఎన్నడూ లేదు. గోడ మీద పిల్లి అన్న నింద మాత్రం జీవితాంతం వెంటాడింది. అయితే తెగువ గల నాయకులు చాలామంది చెరసాలల్లోనూ చీలికల్లోనూ అలిసిపోయారు. కానును గద్దె దించిన ఎన్నికలో గెలిచింది మాత్రం ఈ ఆచితూచి అడుగేసే మనిషే.

మధ్య కెన్యాలోని న్యేరి జిల్లా, ఒథాయా ప్రాంతంలోని గటుయైని గ్రామంలో ఓ కికుయు రైతు కుటుంబానికి ఆయన కడగొట్టు బిడ్డ. ఇటలీ నుంచి వచ్చిన మిషనరీలు బాప్టిజం ఇచ్చి ఎమిలియో స్టాన్లీ అని పేరు పెట్టారు. ఆ పేరును ఆయన తర్వాత పెద్దగా వాడలేదు. మాంగు హైస్కూల్లో చదువు ముగించుకొని సైన్యంలో చేరాలనుకున్నారు గానీ, మావ్ మావ్ తిరుగుబాటుకు భయపడిన బ్రిటిష్ ప్రభుత్వం కికుయు, ఎంబు, మేరు తెగల యువకులకు సైన్యం తలుపులు మూసేసింది. అలా కంపాలాలోని మకెరెరె కళాశాలకు వెళ్లి, 1955లో ఆర్థికశాస్త్రంలో ప్రథమ శ్రేణిలో పట్టా పుచ్చుకున్నారు. ఉగాండాలో షెల్ కంపెనీ అమ్మకాల విభాగంలో కొన్నాళ్లు ఉద్యోగం చేశారు. తర్వాత ఉపకార వేతనం మీద లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు వెళ్లి ప్రభుత్వ ఆర్థిక వ్యవహారాల శాస్త్రం చదివారు. తిరిగొచ్చి మకెరెరెలో పాఠాలు చెబుతూ ఉండగా 1960 చివర్లో కొత్తగా పుట్టిన కాను పార్టీ నుంచి పిలుపొచ్చింది. లెక్చరర్ ఉద్యోగం వదులుకొని పార్టీ కార్యాలయంలో కార్యనిర్వాహక అధికారిగా చేరారు. ఫలితం తేలకముందే ఆయన పందెం కాసిన సందర్భాలు అరుదు. వాటిలో ఇదొకటి.

1963లో నైరోబి నగరంలోని డూన్‌హోమ్ నియోజకవర్గం నుంచి పార్లమెంటుకు గెలిచారు. అప్పటి నుంచి 2013 దాకా, సరిగ్గా అర్ధ శతాబ్దం, ఆయన సభ్యుడు కాని పార్లమెంటు కెన్యాలో లేదు. తొలి అధ్యక్షుడు జోమో కెన్యాట్టా ప్రభుత్వంలో ముందు ఆర్థిక శాఖలోనే చిన్న పదవి దక్కింది. 1966లో వాణిజ్య, పరిశ్రమల మంత్రి అయ్యారు. ఈ పదవీకాలం గురించి భారతీయ పాఠకుడు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. 1967లో వచ్చిన వాణిజ్య లైసెన్సుల చట్టం కెన్యా పౌరసత్వం తీసుకోని వ్యాపారులను ఫలానా ప్రాంతాల్లో, ఫలానా సరుకుల్లో వ్యాపారం చేయకుండా కట్టడి చేసింది. బ్రిటిష్ పాస్‌పోర్టులతో దుకాణాలు నడుపుకుంటున్న గుజరాతీ, పంజాబీ కుటుంబాలు వేల సంఖ్యలో లండన్ విమానం ఎక్కాయి. ఆ వలసకు బెదిరి బ్రిటన్ 1968లో తన వలస చట్టాన్నే బిగించుకుంది. వ్యాపారాన్ని ఆఫ్రికన్ల చేతికి మళ్లించాలన్నది ప్రభుత్వ విధానం. దాన్ని అమలు చేసిన శాఖ కిబాకీది.

1969 జూలైలో టామ్ ఎంబోయా నైరోబి నడిబొడ్డున తుపాకీ గుళ్లకు బలయ్యారు. కాను నాయకుల్లో అందరికంటే చురుకైనవాడు, కిబాకీ ఎదుగుదలకు అండగా నిలిచినవాడు ఆయన. ఆ ఏడాది ఎన్నికల్లో జేల్ ఎంబోగో అనే మహిళ కిబాకీని నైరోబిలో దాదాపు ఓడించినంత పనిచేశారు. నగరం ఓటును నమ్ముకోలేమని తేలిపోయింది. 1974లో ఆయన సొంత ఊరి నియోజకవర్గమైన ఒథాయాకు మారిపోయారు. ఆ తర్వాత అక్కడ ఆయనకు తిరుగే లేదు.

ఎన్నికలు ముగియగానే, అదే 1969లో, ఆర్థిక శాఖ దక్కింది. 1982 దాకా ఆయన చేతిలోనే ఉంది. స్వాతంత్ర్యం వచ్చాక తొలి దశాబ్దంలో కెన్యా ఏటా ఆరేడు శాతం చొప్పున ఎదిగింది. తేయాకు, కాఫీ పండించే చిన్న రైతు, నైరోబి చుట్టూ లేచిన ఫ్యాక్టరీలు, పర్యాటకులు ఆ ఎదుగుదలకు మూలం. మంత్రిగా ఆయనకు ఎదురైన పరీక్షలు మాత్రం ఎక్కువగా బయటి నుంచి వచ్చినవే. 1973లో చమురు ధర భగ్గుమంది. ఆ ఏడాదే కెన్యాలో అమ్మకపు పన్ను మొదలైంది. దిగుమతి సుంకాల మీదే ఆధారపడిన ఖజానాకు ఇది కొత్త ఊతం. 1975లో బ్రెజిల్ కాఫీ తోటలను మంచు కాల్చేయడంతో ప్రపంచ మార్కెట్లో ధర ఆకాశాన్నంటింది. 1976, 77లలో కెన్యా రైతు ఇంట డబ్బు గలగలలాడింది. ప్రభుత్వ ఖర్చూ దానికి తగ్గట్టే ఉబ్బింది. ధర దిగింది గానీ ఖర్చు దిగలేదు. 1977లో టాంజానియా, ఉగాండాలతో కలిసి నడిపిన తూర్పు ఆఫ్రికా సమాజం కూలిపోయి, ఉమ్మడి రైల్వేలు, విమానాలు పంచుకోవాల్సి వచ్చింది. రెండో చమురు దెబ్బ తర్వాత 1980లో కెన్యా ప్రపంచ బ్యాంకు దగ్గర తొలి నిర్మాణాత్మక సర్దుబాటు రుణం తీసుకుంది. కిబాకీ హయాం స్వర్ణయుగమని ఆయన అభిమానులు అంటారు. అది సగమే నిజం. తొలి సగంలో పండిన పంటకు ఆయనకు ఎంత పేరు దక్కాలో, రెండో సగంలో పేరుకున్న అప్పులో ఆయన వాటా కూడా అంతే ఉంది.

1978లో కెన్యాట్టా మరణించాక డేనియల్ అరాప్ మోయి అధ్యక్షుడై, కిబాకీని ఉపాధ్యక్షుడిగా తీసుకున్నారు. కాలెంజిన్ తెగకు చెందిన మోయికి కికుయుల మద్దతు అవసరమైన రోజులవి. 1982లో రాజ్యాంగానికి 2ఎ సెక్షన్ చేర్చి కానును చట్టపరంగా ఏకైక పార్టీగా మార్చినప్పుడు కిబాకీ ఆ ప్రభుత్వంలో రెండో స్థానంలో ఉన్నారు. తర్వాత పదేళ్లకు బహుపార్టీ వ్యవస్థ పేరిట ఓట్లడిగినప్పుడు ప్రత్యర్థులు ఈ సంగతిని ఆయనకు పదే పదే గుర్తుచేశారు.

మోయికి కాలు కుదురుకునే కొద్దీ కిబాకీ అవసరం తగ్గింది. ఆర్థిక శాఖ పోయి హోం శాఖ వచ్చింది. 1988 నాటి ఎన్నికలు కెన్యా చరిత్రలో అపఖ్యాతి మూటగట్టుకున్నాయి. పార్టీ అభ్యర్థుల ఎంపిక దశలో రహస్య ఓటు లేదు. అభ్యర్థి వెనుక, లేదా అతని ఫోటో పట్టుకున్న మనిషి వెనుక, ఓటర్లు వరుసలో నిలబడాలి. పొడవైన వరుస ఉన్నవాడు ఓడిపోవడం, పొట్టి వరుస వాడు గెలవడం జనం కళ్లారా చూశారు. ఒథాయాలోనూ అలాంటి ప్రయత్నం జరిగితే, రిగ్గింగ్ చేయడానికైనా కాస్త తెలివి ఉండాలని కిబాకీ ఎత్తిపొడిచారు. సీటు దక్కింది గానీ ఉపాధ్యక్ష పదవి పోయింది. ఆరోగ్య శాఖకు దింపారు. ఇంకొకరైతే రాజీనామా విసిరికొట్టేవారు. కిబాకీ నోరు మెదపకుండా ఆస్పత్రుల ఫైళ్లు చూసుకున్నారు.

బయట దేశం ఉడికిపోతోంది. 1990 జూలైలో మాజీ మంత్రులు కెనెత్ మతీబా, చార్ల్స్ రూబియా బహుపార్టీ వ్యవస్థ కావాలన్నందుకు నిర్బంధంలోకి వెళ్లారు. నిర్బంధంలో మతీబాకు పక్షవాతం వచ్చింది. 1991లో వయోవృద్ధుడు ఒగింగా ఒడింగా తదితరులు ఫోర్డ్ అనే వేదిక కట్టారు. ఆ రోజుల్లోనే కిబాకీ, కానును గద్దె దించాలనుకోవడం మూగుమో చెట్టును బ్లేడుతో నరకబోవడం లాంటిదని అన్నారు. మూగుమో అంటే కికుయులు పవిత్రంగా చూసుకునే మహా మర్రిజాతి చెట్టు. ఈ మాట ఆయన్ని చివరిదాకా వదల్లేదు.

చెట్టు వేరు కదిలించింది దాతలు. 1991 నవంబరులో పారిస్‌లో సమావేశమైన సాయమిచ్చే దేశాలు కెన్యాకు కొత్త నిధులు నిలిపివేశాయి. వారం తిరక్కుండానే మోయి కసరానీలో పార్టీ ప్రతినిధులను పిలిచి, 2ఎ సెక్షన్ తీసేద్దామని తానే ప్రకటించారు. డిసెంబరు 10న పార్లమెంటు దాన్ని రద్దు చేసింది. కొత్త పార్టీ పెట్టడం నేరం కాదని చట్టం తేల్చిన రెండు వారాలకు, డిసెంబరు 25న, కిబాకీ రాజీనామా చేశారు. ఆ వెంటనే డెమోక్రటిక్ పార్టీ (డీపీ) వెలిసింది.

పార్టీలో చేరినవాళ్లను చూస్తే దాని స్వభావం తెలుస్తుంది. కానులో విసిగిపోయిన మాజీ మంత్రులు, పదవీ విరమణ చేసిన అధికారులు, మధ్య కెన్యా వ్యాపారులు, పెద్ద రైతులు. కానును వదిలొచ్చిన మాసాయి నాయకుడు జాన్ కీన్ ప్రధాన కార్యదర్శి. లాఠీ దెబ్బలు తిన్న ఫోర్డ్ కార్యకర్తలకు ఈ సూటూబూటూ పార్టీ మీద నమ్మకం కలగలేదు. ప్రతిపక్షం ఓట్లు చీల్చడానికి మోయి పంపిన మనుషులేమో అన్న అనుమానం కూడా ప్రచారమైంది. అది అనుమానమే. కానీ ఓట్లు మాత్రం నిజంగానే చీలాయి. ఫోర్డ్ కూడా ఒడింగా, మతీబా వర్గాలుగా రెండు ముక్కలైంది. 1992 డిసెంబరు 29న జరిగిన ఎన్నికల్లో మోయికి 36 శాతం, మతీబాకు 26, కిబాకీకి 19, ఒడింగాకు 17 శాతం ఓట్లు పడ్డాయి. దేశంలో ముగ్గురిలో ఇద్దరు వద్దన్న మనిషి అధ్యక్షుడిగా కొనసాగారు. మురాంగ జిల్లా మతీబాకూ, న్యేరి జిల్లా కిబాకీకీ ఓటేయడంతో కికుయుల ఓటు కూడా నిలువునా చీలింది. డీపీకి 23 సీట్లొచ్చాయి. ఆ 23 మందిలో ఉన్న చారిటీ ఎంగిలు, మార్తా కరువా తర్వాత దేశ రాజకీయాల్లో పెద్ద పేర్లయ్యారు.

ప్రతిపక్ష బెంచీ కిబాకీకి బాగానే అతికింది. వీధి ఊరేగింపులు ఆయనకు సరిపడవు. బడ్జెట్ పత్రం చేతిలో ఉంటే మాత్రం వేరే మనిషి. గోల్డెన్‌బర్గ్ పేరుతో ఉత్తుత్తి బంగారం ఎగుమతులకు ఖజానా నుంచి కోట్లు పారిన కుంభకోణం, 1993లో దాదాపు 46 శాతానికి ఎగబాకిన ద్రవ్యోల్బణం ఆయనకు పనికొచ్చే సరుకు. 1997 ఎన్నికల్లో మతీబా బరిలో లేకపోవడంతో ఆయన ఓటు 31 శాతానికి పెరిగింది. డీపీ 39 సీట్లతో ప్రధాన ప్రతిపక్షమైంది. మోయికి 40 శాతం. ఫలితాన్ని సవాలు చేస్తూ కిబాకీ కోర్టుకెక్కారు. పిటిషన్‌ను అధ్యక్షుడి చేతికి స్వయంగా అందించలేదన్న కారణంతో కోర్టు కొట్టేసింది. సాయుధ కాపలా మధ్య ఉన్న దేశాధ్యక్షుడి చేతికి నోటీసు ఎలా అందించాలో తీర్పు చెప్పలేదు.

రెండు ఓటముల లెక్క ఒకే జవాబు చెప్పింది. కికుయుల పార్టీగా డీపీ ఎన్నటికీ గెలవదు. 2002లో ఆయన ముందు ఎంగిలు, మైకేల్ వమాల్వాలతో జట్టుకట్టారు. అంతలో మోయి తన వారసుడిగా కెన్యాట్టా కొడుకు ఉహురును రుద్దడంతో కాను చీలింది. ఒగింగా కొడుకు రైలా ఒడింగా బయటికొచ్చారు. అక్టోబరు 14న నైరోబిలోని ఉహురు పార్కులో లక్షల జనం ముందు రైలా మైకు పట్టుకుని "కిబాకీ తోషా" అన్నారు. స్వాహిలిలో "కిబాకీ చాలు" అని. నార్క్ అనే కూటమి పుట్టింది. తెరవెనుక ఒక ఒప్పంద పత్రం మీద సంతకాలయ్యాయి. మంత్రి పదవుల్లో సగం, కొత్తగా సృష్టించబోయే ప్రధానమంత్రి పదవి తమవని రైలా వర్గం దానికి అర్థం చెప్పుకుంది.

డిసెంబరు 3న ప్రచారం నుంచి తిరిగొస్తుంటే మచాకోస్ కూడలి దగ్గర కిబాకీ కారు ప్రమాదానికి గురైంది. ఆయన్ని లండన్ ఆస్పత్రికి తరలించారు. మిగిలిన ప్రచారాన్ని రైలా భుజాన వేసుకున్నారు. 27న పోలింగ్. కిబాకీకి 62 శాతం, ఉహురుకు 31. డిసెంబరు 30న ఉహురు పార్కులో చక్రాల కుర్చీలో, కాలికి కట్టుతో, మెడకు పట్టీతో ఆయన ప్రమాణం చేశారు. దిగిపోతున్న మోయి వాహనాల మీద జనం మట్టిబెడ్డలు విసిరారు. స్వాతంత్ర్యం వచ్చాక 39 ఏళ్లకు కాను గద్దె దిగింది.

అధ్యక్షుడయ్యాక తొలి వారంలోనే, 2003 జనవరిలో, ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో ఫీజు ఎత్తేశారు. పది లక్షలకు పైగా పిల్లలు కొత్తగా బడికొచ్చారు. మరుసటేడు కిమాని మరుగె అనే 84 ఏళ్ల ముసలాయన మోకాళ్ల దాకా ఉన్న నిక్కరు తొడుక్కుని ఒకటో తరగతిలో కూర్చున్నాడు. బతికున్నవాళ్లలో ఎవరిని కలవాలనుకుంటున్నారని అడిగితే, ఈ ఫీజు రద్దు కోసమే కిబాకీ పేరు చెప్పారు అమెరికా మాజీ అధ్యక్షుడు బిల్ క్లింటన్. 2002లో ఒక శాతం కూడా లేని వృద్ధి రేటు 2007కి ఏడు శాతానికి చేరింది. పాత ఆర్థిక మంత్రికి పన్ను వసూళ్ల యంత్రాంగం ఎక్కడ కారుతోందో తెలుసు. 2002–03లో సుమారు 20,000 కోట్ల షిల్లింగులున్న వసూళ్లు ఆయన దిగేనాటికి మూడు రెట్లు దాటాయి.

రాజకీయాల లెక్క మాత్రం తప్పింది. ఒప్పంద పత్రాన్ని పక్కన పెట్టారు. పాత డీపీ పెద్దలే ఆయన చుట్టూ చేరారు. ఆంగ్లో లీజింగ్ అనే ప్రభుత్వ కాంట్రాక్టుల కుంభకోణం తవ్విన అవినీతి నిరోధక అధికారి జాన్ గితోంగో 2005లో దేశం విడిచి వెళ్లాల్సి వచ్చింది. ఆ ఏడాది నవంబరులో కొత్త రాజ్యాంగం మీద ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. అవునంటే అరటిపండు గుర్తు, కాదంటే నారింజ. నారింజే గెలిచింది. రైలా తన కొత్త పార్టీకి ఆ పండు పేరే పెట్టుకున్నారు.

2007లో కిబాకీ డీపీ తరఫునా కాదు, నార్క్ తరఫునా కాదు, ఎన్నికలకు మూడు నెలల ముందు కుట్టిన పీఎన్‌యూ అనే మరో కూటమి తరఫున నిలబడ్డారు. పార్లమెంటులో రైలా పార్టీకి 99 సీట్లు, పీఎన్‌యూకు 43. అధ్యక్ష పోటీలో మాత్రం కిబాకీ 2,30,000 ఓట్ల ఆధిక్యంతో గెలిచినట్లు డిసెంబరు 30న ప్రకటించారు. గంటలోపే, పొద్దు వాలుతుండగా, స్టేట్ హౌస్ పచ్చికలో ప్రమాణం పూర్తయింది. జీవితమంతా నిదానించిన మనిషి ఆ సాయంత్రం పడ్డ తొందరను కెన్యాలో సగం మంది క్షమించలేదు. అసలు గెలిచిందెవరో తనకు తెలియదని ఎన్నికల సంఘం అధ్యక్షుడు శామ్యూల్ కివుయిటు తర్వాత అన్నారు. రెండు నెలల హింసలో 1,100 మందికి పైగా చనిపోయారు. ఆరు లక్షల మంది ఇళ్లు వదిలారు. ఐక్యరాజ్యసమితి మాజీ ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నాన్ మధ్యవర్తిత్వంతో 2008 ఫిబ్రవరి 28న ఒప్పందం కుదిరి, 2002లో అనుకున్న ప్రధాని పదవి ఆరేళ్లు ఆలస్యంగా రైలాకు దక్కింది.

ఆ బలవంతపు కాపురం నుంచే 2010 రాజ్యాంగం వచ్చింది. ఆగస్టు 4న 67 శాతం ఓటర్లు ఆమోదించారు. అధ్యక్షుడి అధికారాలకు కోత పడింది, 47 కౌంటీలు ఏర్పడ్డాయి. 2013 ఏప్రిల్ 9న కిబాకీ, తాను 2002లో ఓడించిన ఉహురు కెన్యాట్టాకే పగ్గాలు అప్పగించి ఒథాయా రాజకీయాలకూ సెలవు చెప్పారు.

2022 ఏప్రిల్ 21న 90 ఏళ్ల వయసులో ఆయన మరణించారు. స్థాపకుడు వదిలేసినా డీపీ చచ్చిపోలేదు. ఆ నెలలోనే, స్పీకర్ జస్టిన్ ముతూరి నాయకత్వంలో ఉన్న ఆ పార్టీ విలియం రూటో కూటమిలో చేరింది. ఆగస్టులో జరిగిన అధ్యక్ష ఎన్నికలో రూటో గెలిచాక ముతూరి అటార్నీ జనరల్ అయ్యారు.