కిన్నాళ కొయ్యశిల్పము – పురమాయింపు

కర్ణాటకమునందలి కొప్పళ పట్టణమునకు చేరువగా కిన్నాళ గ్రామము కలదు. అచటి చిత్రగారులు తరతరములుగా కొయ్యమూర్తులను చెక్కుచున్నారు. హంపీ విరూపాక్షాలయమందలి వర్ణచిత్రములు తమ పూర్వుల పనియేయని వారు చెప్పుకొందురు. 1565లో విజయనగరము కూలినను గ్రామదేవతా మూర్తులు, గరుడ ప్రతిమలు చేయించుకొను ఊరివారి పురమాయింపులు ఈ విద్యను నిలిపినవి.

తేలికకొయ్యను భాగములుగా చెక్కి చింతగింజల జిగురుతో అతుకుదురు. జనుముపీలికలు, రంపపుపొట్టు, జిగురు కలిపిన 'కిట్ట'తో రూపము దిద్ది, గులకరాతిపొడి పూత పూసి, పిదప రంగులు వేయుదురు. కృష్ణాతీరమున కొండపల్లివారును తెల్లపొణికి కొయ్యను చింతగింజల మక్కుతోనే అతుకుదురు. భాషలు వేరైనను పనిలో ఈ పోలిక స్పష్టము.

కొప్పళసీమ 1956 వరకు హైదరాబాదు రాష్ట్రమున తెలుగు జిల్లాలతో కలిసియుండెను. 1953లో తుంగభద్రజలములు పారిన పిమ్మట కోస్తారైతులు అనేకులు గంగావతి ప్రాంతమున క్యాంపులు కట్టుకొని స్థిరపడిరి. సంక్రాంతి కొలువునకు కొండపల్లి బొమ్మలను తలచుకొను ఆ యిండ్లకు, దాని తోబుట్టువు వంటి విద్య పొరుగుననే యున్నది. క్యాంపుల ఆలయములకు కావలసిన వాహనములను కిన్నాళలో చేయించుట ఉభయులకు మేలు. పురమాయించువారు లేనినాడు ఉలి మూలబడును.