పట్టా చెవిరెడ్డిది, నాగలి రేచడిది

ఈ రోజు మన సీమల మొదలు ఊర్లు నిలబెట్టినోళ్ల ముచ్చట రాస్తున్న. కొంచెం పొడుగుంటది, ఓపికతో చదవండి.

రేచర్ల గోత్రం అనే మాట మీరు వినే ఉంటరు. రాచకొండ, దేవరకొండ ఏలిన పద్మనాయకులది ఆ గోత్రమే. పాలమూరు దిక్కు జటప్రోలు సంస్థానం ఏలిన కొల్లాపురం సురభి వారిది గూడ అదే. అటు వెంకటగిరి, బొబ్బిలి రాజులదీ అదే. ఇన్ని కోటలున్న వంశం మోస్తున్న పేరు ఎవరిదో తెలుసా? ఒక జీతగానిది.

ఆ వంశపోళ్లు చెప్పుకునే కథ ఇట్ల ఉంటది. ఆమనగల్లుల చెవిరెడ్డి అనే రైతు ఉండె. ఆయన దగ్గర రేచడు జీతం ఉండె. భూమి దున్నుతుంటే నిధి కనబడ్డది. దానికి కావలి ఉన్న భేతాళుడు నరబలి అడిగిండట. నేను పోత అన్నడు రేచడు. కాకపోతే రెండు మాటలు అడిగిండు. నా పేరు మీ గోత్రం కావాలె. మీ ఇంట్ల పెండ్లి చేసే ముందు మా వాళ్ల పెండ్లి ఒకటి చెయ్యాలె. చెవిరెడ్డి ఒప్పుకున్నడు. ఆ ధనంతోటి పెద్దోడై, కాకతి రాజుల కొలువుల చేరి, పిల్లలమర్రి భేతాళరెడ్డి అనిపించుకున్నడు.

భేతాళుని సంగతి పక్కకు పెడుదాం. అప్పట్ల మన భూముల అసలు నిధి ఏందో సూర్యాపేట పక్కన పిల్లలమర్రికి పోతే రాళ్లే చెప్తయి. అక్కడ 1195 నాటి రుద్రదేవుని కాలపు శాసనం ఉంది, 1208 నాటి గణపతిదేవుని కాలపు శాసనం ఉంది. రేచర్ల నామిరెడ్డి 1202ల నామేశ్వర గుడి కట్టించిండు. బేతిరెడ్డి భార్య ఎరకసానమ్మ 1208ల ఎరకేశ్వర గుడి కట్టించింది. ఈ రేచర్ల రెడ్లు, ఆ పద్మనాయకులు ఒక్క వంశమేనా అని పండితుల్ల వాదం ఉంది. 1213ల రామప్ప గుడి కట్టించింది గూడ రేచర్ల రుద్రుడే. 2021ల దానికి యునెస్కో గుర్తింపు వచ్చింది.

వీళ్లంత చేసిన పని ఒక్కటే. అడవి, చెల్క ఉన్న కాడ వాన నీళ్లకు కట్ట అడ్డం వేసిన్రు, చెరువు కింద మడి చేసిన్రు, గుడి కట్టి ఊరు నిలిపిన్రు. మనకు గోదావరి డెల్టా లేదు, కృష్ణ ఉన్నా లోతుల పారుతది. నీళ్లు నిలిపితేనే ఊరు నిలిచింది. చెరువు తవ్వించినోనికి ఆయకట్టుల వంతు ఇచ్చెటోళ్లు, దాన్నే దశబంధం అన్నరు.

మరి తట్ట మోసినోని వంతు ఏది? చెరువుకు ఖర్చు పెట్టినోని పేరు శాసనంల ఉంటది. మట్టి ఎత్తినోని పేరు ఉండదు. అందుకే రేచడి కథ నాకు గొప్పగ అనిపిస్తది. ఆయన పైసలు అడగలే, పేరు రాయమన్నడు.

అమెరికాల 1862ల హోమ్‌స్టెడ్ చట్టం తెచ్చి, 160 ఎకరాలు ఐదేండ్లు సాగు చేసినోనికి పట్టా ఇచ్చిన్రు. వాళ్ల మనుమలు ఇప్పుడు ఊరు కట్టిన తాతల చరిత్ర గొప్పగ రాసుకుంటరు. ఆ భూమి అంతకుముందు అక్కడి ఆదివాసులది. ఆ పేర్లు ఆ పట్టాలల్ల లేవు. ఎక్కడన్న అంతే, కాయితం మీద ఉన్నోడే మొదటోడు అయితడు.

మనకు 1954–55 ఖాస్రా పహాణీ ఉంది. అండ్ల పట్టాదారు పేరు వేరే, భూమి మీద ఉన్నోని పేరు వేరే ఉంటది. ఒకటి చెవిరెడ్డి గడి, ఒకటి రేచడి గడి అనుకోండి. ధరణి వచ్చినంక అనుభవదారు గడి లేకుండనే పోయింది. కౌలు రైతుకు ఎంత తిప్పలైందో మీకు చెప్పే పని లేదు.

అందుకే ఒక్క మాట. మీ ఇంటి ఖాస్రా పహాణీ నకలు తీయించి పెట్టుకోండి. రెండు గడులూ చదవండి. మీ ఊరి చెరువు కట్ట ఎవరు పోసిన్రు, మీ తాతల నాడు ఎవరు జీతం ఉన్నరు, మీ బావి ఎవరు తవ్విన్రు, ముసలోళ్లు ఉండంగనే అడిగి నోటుబుక్కుల రాయండి. వాళ్ల ఇంటిపేరు తోటి రాయండి. రేచడు తన పేరు తానే అడిగి రాయించుకున్నడు. మన కోసం మట్టి మోసినోళ్లు అడగలేదు, మనమే రాయాలె.