దిక్కున్న చోట

‘నీ దిక్కున్న చోట చెప్పుకో పో!’ కోపంలో మనం ఎంత తేలిగ్గా అనేస్తాం ఈ మాట! అవతలివాడికి అలాంటి చోటు లేదన్న ధీమాతోనే అంటాం. దిక్కంటే తూర్పూ పడమరా మాత్రమే అయితే ఈ మాట ఎవరికీ తగలదు.

సంస్కృతంలో ‘దిశ్’ ధాతువుకు చూపడం అని అర్థం. దిశ, దేశం, ఆదేశం, ఉపదేశం అన్నీ అందులోంచి పుట్టినవే. దిక్కూ అంతే. తెలుగు నోట పడ్డాక అది మనిషి కూడా అయింది. ఇంటికి పెద్దదిక్కు అంటే తాతయ్యో అమ్మమ్మో, ఒక్కోసారి పెళ్లికాని పెద్దక్కో. దిక్కూ మొక్కూ లేనివాడంటే నా అన్నవాళ్లు లేనివాడు. తెలంగాణలో ‘జర నా దిక్కు చూడు’ అంటే ఇటు తిరగమనీ అవుతుంది, నా గురించి ఆలోచించమనీ అవుతుంది. అమరకోశం దిక్కుకు చెప్పిన పేర్లలో ‘ఆశ’ ఒకటి. కోరిక అనే ఆశకూ, దిక్కు అనే ఆశకూ వ్యుత్పత్తులు వేరు. అయినా రెండూ ఒకే రూపంలో కలవడం నాకు ఊరికే వదిలేయాలనిపించదు. ఆశ పోయినవాడికి ‘దిక్కు తోచడం లేదు’ అనే కదా అంటాం.

చావు ఆలోచనలో పడ్డ పిల్లల కథ చదివేవాళ్లకు ఆశ ఎలా ఇస్తుంది? అమెరికన్ రచయిత నెడ్ విజ్జిని 2006లో రాసిన ‘ఇట్స్ కైండ్ ఆఫ్ ఎ ఫన్నీ స్టోరీ’ చదివితే నాకు జవాబు దిక్కు అన్న మాటలోనే దొరికింది. అందులో క్రెయిగ్ బ్రూక్లిన్ కుర్రాడు, పదిహేనేళ్లవాడు. రాత్రింబవళ్లు చదివి పేరున్న స్కూల్లో సీటు తెచ్చుకుంటాడు. చేరాక అక్కడి పరుగు అందుకోలేక తిండీ నిద్రా పోగొట్టుకుంటాడు. (మన ఇంటర్ హాస్టల్ పిల్లలకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు.) కాస్త నయమనిపించగానే మందులు మానేస్తాడు. ఒక రాత్రి ఇక బతకలేననుకున్నప్పుడు హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తాడు. అవతలివాళ్లు ఆసుపత్రికి వెళ్లమంటే తన కాళ్ల మీద తనే నడిచి వెళ్లి చేరతాడు. కథకు ప్రాణం ఆ నడకే. ఆ రాత్రి అతనికి ఎవరూ జీవితం విలువ మీద ఉపన్యాసం ఇవ్వలేదు. ఎటు వెళ్లాలో చెప్పారు.

క్రెయిగ్‌కి చిన్నప్పుడు మ్యాపులంటే పిచ్చి. నాలుగేళ్లప్పుడు మన్‌హటన్ మ్యాపు మీద కాగితం పెట్టి దిద్దబోయి, గీత కుదరక ఏడుస్తుంటే, నీ సొంత ఊరు నువ్వే గీసుకోరా అంటుంది వాళ్లమ్మ. ఆసుపత్రిలో చిన్ననాటిది ఏదైనా గీయమన్నప్పుడు మనిషి తల గీసి, దాని లోపల వీధులూ వంతెనలూ ఉన్న ఊరు గీస్తాడు. దిక్కుతోచని తలలోనే దిక్కులు గీసుకుంటాడు.

రచయిత తనూ ఆసుపత్రిలో ఉండి వచ్చినవాడే, వచ్చిన వెంటనే రాసిన పుస్తకమిది. 2013లో ఆయన్ని మనం ఆత్మహత్యకే పోగొట్టుకున్నాం. అది దాచకూడదు. అంతమాత్రాన పుస్తకం అబద్ధం కాదు. దిక్కు ఒకసారి దొరికితే చాలదు, ఎన్నిసార్లు తప్పితే అన్నిసార్లు వెతుక్కోవాలి, వెతికిపెట్టేవాళ్లు పక్కన ఉండాలి.

ఇలాంటి కథల బలం గురించి పరిశోధన కూడా ఉంది. 2010లో ఆస్ట్రియా పరిశోధకులు పత్రికల కథనాలను పరిశీలించి, చావు ఆలోచన వచ్చినా దాటుకుని నిలబడ్డవాళ్ల గురించి రాసినప్పుడు ఆత్మహత్యలు తగ్గుముఖం పట్టడం గమనించారు. దానికి ‘పాపగేనో ప్రభావం’ అని పేరు పెట్టారు. మొజార్ట్ సంగీతరూపకం ‘మ్యాజిక్ ఫ్లూట్’లో చావబోయిన పాపగేనోకు ముగ్గురు పిల్లలు వచ్చి వేరే దారి గుర్తు చేస్తారు.

కనుక పిల్లల కోసం రాసేవాళ్లకు నా మనవి: ఉపదేశమూ దిక్కూ ఒకే ధాతువు బిడ్డలే అయినా, మొదటిది పక్కన పెట్టి రెండోది ఇవ్వండి. ఎలా చావబోయారన్నది కాదు, ఎవరికి చెప్పుకున్నారు, ఎక్కడికి వెళ్లారు, మర్నాడు ఏం తిన్నారు అన్నది రాయండి.

ఇది చదువుతున్న నీకే దిక్కు తోచకపోతే, చెప్పుకో. అమ్మకో, స్నేహితుడికో, మాస్టారికో. ఎవరూ తోచకపోతే టెలీ మానస్ హెల్ప్‌లైన్ నంబరు 14416. ఏ వేళకైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు.