గ్రీసులో శీతాకాల పర్యాటకం

నవంబరు నుండి మార్చి వరకు గ్రీసు దేశంలో సాగే యాత్రలు గ్రీసు శీతాకాల పర్యాటకం క్రిందకు వస్తాయి. ఆగ్నేయ ఐరోపాలో మధ్యధరా సముద్ర తీరాన గల గ్రీసు వేసవి విడిదిగా ప్రపంచ ప్రసిద్ధి చెందినది. సుమారు 1.04 కోట్ల జనాభా (2021 జనగణన) గల ఈ దేశానికి 2023లో 3.2 కోట్లకు పైగా విదేశీ యాత్రికులు వచ్చారు. వీరిలో అత్యధికులు మే - అక్టోబరు నెలల మధ్య వచ్చేవారే. శీతాకాలం సముద్రస్నానానికి అనువైనది కాదు. అయితే పురాతన కట్టడాలను, పర్వత గ్రామాలను, ప్రజల పండుగలను తీరికగా చూడదలచినవారికి ఈ కాలమే మిక్కిలి అనుకూలమైనది.

వాతావరణం

గ్రీసులో వేసవి పొడిగా, వేడిగా ఉంటుంది. వర్షాలు ముఖ్యంగా శీతాకాలంలో కురుస్తాయి. రాజధాని ఏథెన్సులో జనవరి సగటు ఉష్ణోగ్రత సుమారు 10 డిగ్రీల సెంటీగ్రేడు. ఉత్తరాన గల పర్వతాలపై మంచు కురుస్తుంది. డిసెంబరు చివరలో పగటి సమయం దాదాపు తొమ్మిదిన్నర గంటలు మాత్రమే.

జనవరి ప్రాంతంలో కొన్ని రోజులు గాలి లేక, ఎండ కాస్తూ నిర్మలంగా ఉంటాయి. వీటిని 'అల్కియోనీ దినాలు' అంటారు. గ్రీకు పురాణం ప్రకారం వాయుదేవుడైన ఏయొలస్ కుమార్తె అల్కియోనీ. ఆమె భర్త సముద్రంలో మునిగి మరణించగా, దేవతలు వారిరువురినీ లకుముకి పిట్టలుగా మార్చారు. ఆమె గుడ్లు పొదిగే రోజులలో గాలులు శాంతిస్తాయని ఐతిహ్యం.

పురాతన కట్టడాలు

ఏథెన్సులోని అక్రోపొలిస్ కొండపై నీడ చాలా తక్కువ. వేడిగాలుల కారణంగా 2023 జూలైలోను, 2024 జూనులోను మధ్యాహ్నవేళ దీనిని మూసివేయవలసి వచ్చింది. రద్దీని అదుపు చేయుటకు 2023 సెప్టెంబరులో రోజుకు 20,000 మంది అన్న పరిమితిని, గంటలవారీ ప్రవేశాన్ని అమలులోకి తెచ్చారు. శీతాకాలంలో ఈ రెండు ఇబ్బందులూ చాలావరకు తగ్గుతాయి. పూర్వం చలికాలంలో ప్రవేశ రుసుము సగమే ఉండేది. 2025 ఏప్రిల్ నుండి ఏడాది పొడవునా ఒకే రుసుము (30 యూరోలు) నిర్ణయించారు.

పర్వత ప్రాంతాలు

పర్నాసస్ పర్వతంపై మంచు జారుడు క్రీడాకేంద్రం ఉంది. దాని దిగువన గల అరాహోవా గ్రామం చలికాలపు విడిది. ప్రాచీన డెల్ఫీ క్షేత్రం అక్కడికి సమీపంలోనే ఉన్నందున రెండింటినీ ఒకే యాత్రలో చూడవచ్చును. థెస్సలీ ప్రాంతంలోని మెటియోరాలో నిటారైన శిలలపై కట్టిన మఠాలలో ఆరింటిలో నేటికీ సన్యాసులు, సన్యాసినులు నివసిస్తున్నారు. 1988లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. పెలొపొన్నెసస్‌లో దియాకోఫ్తో నుండి కలావ్రీతా వరకు కొండలోయ గుండా వేసిన పళ్ళచక్రపు రైలుమార్గం 1896లో ప్రారంభమైనది.

పండుగలు, జనజీవనం

జనవరి 1న 'వాసిలోపిత' అనే రొట్టెలో ఒక నాణెం దాచి, ముక్కలుగా కోసి ఇంటిల్లిపాదీ పంచుకుంటారు. నాణెం దొరికినవారికి ఆ సంవత్సరం అదృష్టం కలుగుతుందని నమ్మకం. జనవరి 6న మతగురువు సముద్రంలోకి విసిరిన శిలువ కోసం యువకులు చన్నీటిలో దూకుతారు. పాత్రాస్ నగరపు కార్నివాల్ జనవరిలో మొదలై ఈస్టరు ముందరి ఉపవాసకాలం వరకు సాగుతుంది. ఉపవాసాల తొలిరోజైన 'శుభ్ర సోమవారం' నాడు గాలిపటాలు ఎగురవేస్తారు. ఆలివ్ కాయల కోత కూడా ముఖ్యంగా ఈ కాలపు పనియే.

పరిమితులు

చిన్న ద్వీపాలలో అనేక హోటళ్ళు, భోజనశాలలు మూతబడి ఉంటాయి. ఓడల రాకపోకలు తగ్గుతాయి. గాలులు తీవ్రమైతే ప్రయాణాలు పూర్తిగా నిలిచిపోతాయి. కనుక ద్వీపాలకు వెళ్ళేవారు తిరుగు ప్రయాణానికి ఒకటి రెండు రోజులు అదనంగా ఉంచుకొనుట మేలు. పురావస్తు స్థలాలను సాయంత్రం పెందలాడే మూసివేస్తారు.

ప్రాధాన్యం

పర్యాటకం వేసవికే పరిమితమగుట వలన ద్వీపాలలో ఆ నెలలలో నీటి కొరత, అద్దెల భారం పెరుగుతాయి. చలికాలంలో పని దొరకక అనేకులు ఊరు విడిచి వెళతారు. యాత్రికులు ఏడాది పొడవునా వచ్చినట్లయితే ఈ ఒత్తిడి కొంత తగ్గి, స్థానికులకు ఆదాయం నిలకడగా లభిస్తుంది. 2025 నుండి అమలైన నిబంధనల ప్రకారం ఐదు నక్షత్రాల హోటలు గదికి రోజుకు చెల్లించవలసిన పర్యావరణ రుసుము ఏప్రిల్ - అక్టోబరు నెలలలో 15 యూరోలు కాగా, నవంబరు - మార్చి నెలలలో 4 యూరోలు మాత్రమే.