పెరటి కోడి చచ్చిపోతే ముందు చెప్పాల్సిందెవరికి?

ఇస్నాపూర్, పాశమైలారం, బొల్లారం చుట్టూ కంపెనీలు లేచి పొలాలు తగ్గాయి గానీ వాడల్లో కోళ్లు పోలేదు. కాంట్రాక్టు కూలికి పోయే ఇంట్లోనూ నాలుగు పెట్టలు, ఒక పుంజు ఉంటాయి. ఫీజుకో, మందులకో అమ్మేది వాటినే. ఆ డబ్బు ఎక్కువగా ఆడవాళ్ల చేతిలోనే ఉంటుంది. బర్డ్ ఫ్లూ అనగానే టీవీల్లో పెద్ద ఫారాలే కనిపిస్తాయి, ఈ నాలుగు కోళ్ల ఊసే ఉండదు.

రంగారెడ్డి జిల్లాలో 2015లో తొర్రూరులో, 2025 ఏప్రిల్‌లో అబ్దుల్లాపూర్‌మెట్ మండలంలో ఈ వ్యాధి ఫారాల్లో బయటపడింది. 2025 మార్చిలో పల్నాడు జిల్లా నరసరావుపేటకు చెందిన రెండేళ్ల పాప హెచ్5ఎన్1 వైరస్‌తో చనిపోయింది. పచ్చి కోడి ముక్క తిన్నదని ఇంట్లోవాళ్లు చెప్పారు. మనుషులకు అరుదుగానే సోకుతుంది, సోకితే మాత్రం ప్రాణం మీదికొస్తుంది. బాగా ఉడికిన కూరతో, గుడ్డుతో భయం లేదు. 70 డిగ్రీల వేడికి వైరస్ చస్తుంది. ప్రమాదమంతా కోయడం, ఈకలు పీకడం, పేగులు కడగడం దగ్గరే.

చలికాలంలో మంజీరా నీళ్లకూ, అమీన్‌పూర్ చెరువుకూ వలస పక్షులు వస్తాయి. నీటి పక్షుల రెట్టలతో వైరస్ నీళ్లలో కలుస్తుంది. బాతులు పైకి బాగానే కనిపిస్తూ దాన్ని మోస్తాయి. అందుకే ఆ నెలల్లో కోళ్లను చెరువు గట్టుకు వదలకుండా ఇంటి దగ్గరే నీళ్లు, గింజలు పెట్టాలి. బాతులతో కలిపి ఉంచొద్దు. అంగడిలో కొన్న కోడిని రెండు వారాలు విడిగా కట్టేయాలి. కోళ్ల ఫారంలో పనిచేసేవాళ్లు ఆ చెప్పులతో, బట్టలతో గూటి దగ్గరికి పోవద్దు. పచ్చి పేగులు పిల్లికీ, కుక్కకీ వేయొద్దు: 2025 మొదట్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పెంపుడు పిల్లులకే ఈ వైరస్ సోకింది.

తల వాచి, జుట్టు నీలమై, ఒకటి తర్వాత ఒకటి చస్తుంటే అనుమానించాలి. కొక్కెర తెగులు కూడా ఇలాగే చంపుతుంది, కంటితో తేడా తెలియదు. దానికి టీకా ఉంది, పశువుల ఆస్పత్రిలో అడగాలి. బర్డ్ ఫ్లూను మాత్రం భోపాల్‌లోని జాతీయ ల్యాబ్‌లోనే నిర్ధారిస్తారు.

చావబోయే కోడిని పారేయడం ఎందుకని కోసుకుంటారు. ఆ లెక్క పేదరికం నేర్పింది, తిట్టి లాభం లేదు. కానీ ఆరోగ్యమే కాదు, డబ్బూ పోతుంది. వ్యాధి తేలితే కిలోమీటరు పరిధిలో కోళ్లన్నింటినీ, పెరటివి సహా, ప్రభుత్వం చంపిస్తుంది. అలా చంపించిన వాటికే పరిహారం, కేంద్రం రాష్ట్రం చెరి సగం ఇస్తాయి. ముందే చచ్చినవాటికి రాదు. కాబట్టి మొదటి రెండు కోళ్లు పోగానే 1962కు ఫోన్ చేయాలి. ఎన్ని కోళ్లున్నాయో ఫోటో తీసి పెట్టుకోవాలి, చంపేటప్పుడు లెక్క రాసిన కాగితం అడిగి తీసుకోవాలి. పట్టా లేని ఇంటివాళ్లు కూడా అడగాలి. పరిహారం కోడికే గానీ భూమికి కాదు.

ఇంకో సంగతి. చచ్చిన కోళ్లను గుంతలో పూడ్చే పనికి పిలుపు వచ్చేది ఎక్కువగా మన వాడలకే, పారిశుద్ధ్య కార్మికులకే. నిబంధన ప్రకారం ఆ పనికి పోయేవాళ్లకు పీపీఈ కిట్, ముందుజాగ్రత్తగా ఒసెల్టామివిర్ మాత్రలు ఇవ్వాలి, తర్వాత కూడా ఆరోగ్యం గమనించాలి. ఉత్త చేతులతో దిగమంటే దిగొద్దు. పని అయ్యాక జ్వరం, దగ్గు వస్తే కోళ్లను ముట్టుకున్నామని డాక్టర్‌కు ముందే చెప్పాలి.