యూరియా బస్తాలో ఉదజని: డెల్టా సేద్యం వెనుక హైడ్రోజన్ చరిత్ర (1961–2025)

వ్యాససంగ్రహం

హైడ్రోజన్ ఆర్థికవ్యవస్థ అనగానే అది రాబోయే కాలానికి చెందిన విషయమనే భావన ఉంది. ఎరువుల రూపంలో ఉదజని తెలుగు రైతు జీవితంలోకి ప్రవేశించి అర్ధశతాబ్ది దాటింది. నంగల్, రామగుండం, కాకినాడ కర్మాగారాల అనుభవాలను వరుసగా పరిశీలించి, ఉదజని పరిశ్రమ మనుగడను రసాయనశాస్త్రం కంటే దాని మూలశక్తి లభ్యతే ఎక్కువగా నిర్ణయించిందని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆ వెలుగులో నేటి హరిత ఉదజని పథకాల ముందున్న సాంకేతిక సమస్యలను పరిశీలించడం జరిగింది.

కీలక పదాలు: ఉదజని, అమ్మోనియా, యూరియా, విద్యుద్విశ్లేషణ, పెదపాడు, కొల్లేరు, రామగుండం, కాకినాడ, పూడిమడక.

1. ఉపోద్ఘాతం

ఏలూరును ఆనుకొని ఉన్న పెదపాడు మండలంలో సార్వా నాట్లు ముగిసే రోజుల్లో ఎరువుల గోదాముల ముందు రైతులు యూరియా కోసం బారులు తీరడం ఈ ప్రాంతంలో పనిచేసే అధ్యాపకులందరికీ పరిచితమైన దృశ్యం. బస్తా మీద 46 శాతం నత్రజని అని ముద్రించి ఉంటుంది. ఉదజని ప్రస్తావన ఉండదు. కాని 45 కిలోల యూరియా తయారుకావాలంటే సుమారు 25.5 కిలోల అమ్మోనియా కావాలి. ఆ అమ్మోనియాలో దాదాపు 4.5 కిలోలు ఉదజనే. గాలిలో నత్రజనికి కొదవలేదు. దానిని మొక్కకు అందే రూపంలోకి తేవడానికి కావలసిన ఉదజనిని సంపాదించడమే ఖర్చుతో కూడిన పని. కనుక యూరియా కోసం నిలబడిన రైతు ఒక విధంగా ఉదజని కోసమే నిలబడ్డాడని చెప్పవచ్చు.

హైడ్రోజన్ ఆర్థికవ్యవస్థ అనే పదబంధాన్ని 1970లో జాన్ బాక్రిస్ ప్రచారంలోకి తెచ్చాడు. అంతకుముందే, 1923లో, జె.బి.ఎస్. హాల్డేన్ కేంబ్రిడ్జ్ ఉపన్యాసంలో గాలిమరల విద్యుత్తుతో నీటిని విడగొట్టి ఉదజనిని నిల్వచేసుకొనే కాలం వస్తుందని ఊహించాడు. ఆ హాల్డేనే తరువాత భారతదేశానికి వచ్చి స్థిరపడి, 1964లో భువనేశ్వర్‌లో మరణించాడు. ఈ చర్చలన్నిటిలో ఉదజని ఇంధనంగానే కనిపిస్తుంది. మన ప్రాంతపు అనుభవంలో మాత్రం అది మొదట అన్నంగా వచ్చింది.

2. పేరులోని అర్థం

1766లో హెన్రీ కావెండిష్ ఈ వాయువును ప్రత్యేక పదార్థంగా గుర్తించాడు. అది మండితే నీరు ఏర్పడుతుందని గ్రహించిన లావోయిజర్ దానికి నీటిని పుట్టించేది అనే అర్థంలో పేరు పెట్టాడు. తెలుగులో ఆమ్లజని, నత్రజని పదాల సరసన ఉదజని ఏర్పడింది. ఈ సమాసాన్ని రెండు విధాలుగా విడదీయవచ్చు. ఉదకమునకు జని అని షష్ఠీ తత్పురుషగా చూస్తే నీటి పుట్టుకకు కారణమైనది. ఉదకము నుండి జని అని పంచమీ తత్పురుషగా చూస్తే నీట పుట్టినది. మొదటి అర్థం లావోయిజర్ ప్రయోగశాలది. రెండవది పరిశ్రమ చరిత్రది.

ఈ పదాల వ్యాప్తిలోనూ ఒక విశేషముంది. నత్రజని వ్యవసాయ శాఖ కరపత్రాల ద్వారా రైతు నోటికి చేరి నిలిచింది. ఉదజని పాఠ్యపుస్తకాలకు, ఒక దశలో ఉదజని బాంబు వార్తలకు పరిమితమై, క్రమంగా హైడ్రోజన్‌కు చోటిచ్చింది. పొలంలో పనిచేస్తున్నా పేరు వినబడకపోవడం వల్లనే, హైడ్రోజన్‌ను కొత్తగా వచ్చినదానిగా భావిస్తున్నాం.

3. మూడు కర్మాగారాలు, మూడు మూలశక్తులు

3.1 నంగల్: విద్యుత్తు

తెలుగునేల మీద అమ్మోనియా పరిశ్రమ గతిని అర్థం చేసుకోవడానికి ముందుగా పంజాబును చూడాలి. భాక్రా–నంగల్ జలవిద్యుత్తు ఆధారంగా నంగల్ ఎరువుల కర్మాగారం 1961లో ప్రారంభమైంది. అక్కడ నీటిని విద్యుద్విశ్లేషణ చేసి ఉదజనిని తీసేవారు. దానికి అనుబంధంగా 1962లో భారజల కర్మాగారం పనిచేయసాగింది. నేడు హరిత ఉదజని అంటున్నది సారాంశంలో ఇదే. అయితే పంపుసెట్లు, పట్టణాలు, ఇతర పరిశ్రమలు అదే విద్యుత్తు కోసం పోటీపడ్డాయి. 1978లో నంగల్‌లో విస్తరణ కర్మాగారం వచ్చేసరికి దానిని ఇంధన తైలం ఆధారంగా నిర్మించారు. సాంకేతికత విఫలం కాలేదు. కరెంటుకు మరింత విలువైన వినియోగాలు ఏర్పడ్డాయి.

3.2 రామగుండం: బొగ్గు

నూనె ధరలు పెరిగిన 1970వ దశకంలో, సింగరేణి బొగ్గు చేరువలో ఉన్న రామగుండంలో భారత ఎరువుల సంస్థ కర్మాగారాన్ని నిర్మించింది. ఉత్పత్తి 1980లో మొదలైంది. ఎర్రగా కాలిన బొగ్గు మీదికి ఆవిరిని పంపితే బొగ్గు ఆమ్లజనిని పట్టుకొని ఉదజనిని వదులుతుంది. ఇక్కడ కూడా ఉదజని ప్రధానంగా నీటి నుండే వస్తుందని గమనించాలి. మన బొగ్గులో బూడిద పాలు ఎక్కువ. దానిని వాయువుగా మార్చే యంత్రాలకు అది పెద్ద అడ్డంకి. విద్యుత్ సరఫరాలో ఒడుదుడుకులు కూడా తోడయ్యాయి. 1999లో కర్మాగారం మూతపడింది. దానిని నమ్ముకొన్న కుటుంబాలకు ఇది సాంకేతిక వైఫల్యంగా కాక జీవనాధారం పోయిన సంఘటనగానే మిగిలింది.

అదే స్థలంలో ఏర్పడిన కొత్త కర్మాగారం 2021 మార్చిలో వాణిజ్య ఉత్పత్తి ప్రారంభించింది. దాని వార్షిక సామర్థ్యం 12.7 లక్షల టన్నుల యూరియా. బొగ్గుగనుల నడుమ ఉన్నా అది నడిచేది గొట్టం ద్వారా గోదావరి తీరపు మల్లవరం వైపు నుండి వచ్చే సహజవాయువుతో. స్థలం మారలేదు, పంట మారలేదు. మూలశక్తి మాత్రమే మారింది.

3.3 కాకినాడ: సహజవాయువు

కృష్ణా–గోదావరి బేసిన్‌లో వాయునిక్షేపాలు లభించడంతో కె.వి.కె. రాజు స్థాపించిన నాగార్జున సంస్థ కాకినాడలో యూరియా కర్మాగారాన్ని నెలకొల్పింది. మొదటి విభాగం 1992లో, రెండవది 1998లో ఉత్పత్తి ప్రారంభించాయి. సహజవాయువు మార్గంలో వచ్చే ఉదజనిలో సగం వాయువు నుండి, సగం ఆవిరి నుండి వస్తుంది. ఈ మార్గం చౌక, సులభం. కాని ఇక్కడా మూలశక్తి నిలకడగా లేదు. 2009లో మొదలైన డి6 క్షేత్రపు ఉత్పత్తి కొద్దికాలానికే తగ్గుముఖం పట్టింది. 2014 జూన్ 27న నాగరం గ్రామంలో గెయిల్ గొట్టం పేలి ఇరవై మందికి పైగా మరణించారు. ఆ తరువాత గ్యాసు సరఫరా ఆగి కాకినాడలో ఉత్పత్తి కొంతకాలం నిలిచిపోయింది.

ఈ మూడు ఉదాహరణలను కలిపి చూస్తే ఒక సూత్రం స్పష్టమవుతుంది. ఉదజని ఎప్పుడూ, పూర్తిగానో సగంగానో, నీటి బిడ్డే. దానికి పురుడు పోసింది మాత్రం ఒకచోట కరెంటు, ఒకచోట బొగ్గు, ఒకచోట సహజవాయువు. మూలశక్తి ప్రియమైనప్పుడు, అందనప్పుడు కర్మాగారం మారింది లేదా మూతపడింది.

4. కొవ్వూరు: గుర్తింపు లేని ఉదజని

ఉభయగోదావరుల చరిత్రలో మరొక ఉదజని ఉంది. ముళ్లపూడి హరిశ్చంద్రప్రసాద్ 1947లో తణుకులో స్థాపించిన ఆంధ్రా షుగర్స్ సంస్థ తరువాతి కాలంలో కొవ్వూరులో, సగ్గొండలో కాస్టిక్ సోడా తయారీ చేపట్టింది. ఉప్పుద్రావణాన్ని విద్యుద్విశ్లేషణ చేస్తే కాస్టిక్ సోడా, క్లోరిన్‌లతోపాటు ఉదజని తప్పనిసరిగా వెలువడుతుంది. టన్ను సోడాకు దాదాపు 25 కిలోలు. అంటే పెదపాడుకు పొరుగు ప్రాంతంలోనే విద్యుత్తుతో ఉదజనిని పుట్టించి, పట్టి, వాడుకొనే నైపుణ్యం దశాబ్దాలుగా ఉంది. సబ్బులకు, బట్టలకు, కాగితానికి ఉపయోగపడే సోడా ప్రధానం కావడంతో ఉదజని ఉపఉత్పత్తిగానే ఉండిపోయింది.

ఉదజని ఇంధనంగా కనిపించిన తెలుగు స్థలం శ్రీహరికోట. మైనస్ 253 డిగ్రీల సెల్సియస్ వద్ద ద్రవంగా ఉండే ఉదజనితో నడిచే స్వదేశీ క్రయోజనిక్ దశ 2010 ఏప్రిల్ 15న విఫలమైంది. ఇంధనాన్ని తోడే పంపు ఆగిపోవడమే అందుకు కారణంగా తేలింది. 2014 జనవరి 5న ప్రయోగం విజయవంతమైంది. ఈ నాలుగేళ్ల కృషి ఉదజనిని తయారుచేయడం కంటే అదుపులో ఉంచడం ఎంత కష్టమో చెబుతుంది.

5. హరిత ఉదజని: నేటి సమస్యలు

2023 జనవరిలో కేంద్ర మంత్రివర్గం 19,744 కోట్ల రూపాయలతో జాతీయ హరిత హైడ్రోజన్ మిషన్‌ను ఆమోదించింది. 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నుల ఉత్పత్తి లక్ష్యం. అనకాపల్లి జిల్లా పూడిమడకలో రోజుకు 1,500 టన్నుల ఉదజని లక్ష్యంతో ఎన్‌టిపిసి అనుబంధ సంస్థ తలపెట్టిన కేంద్రానికి 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగింది. కాకినాడలో ఏటా పది లక్షల టన్నుల హరిత అమ్మోనియా ఉత్పత్తికి ఏఎం గ్రీన్ సంస్థ 2024లో పెట్టుబడి నిర్ణయం తీసుకొంది. సహజవాయువుతో ఎరువు చేసిన కాకినాడకే ఇప్పుడు నీటి నుండి తీసిన ఉదజని వస్తున్నది.

5.1 విద్యుత్తు: కిలో ఉదజనికి నేటి యంత్రాలకు 50 యూనిట్లకు తగ్గకుండా విద్యుత్తు పడుతుంది. ఒక యూరియా బస్తాకు కావలసిన 4.5 కిలోలకు 225 యూనిట్లు. యూనిట్ రెండు రూపాయలకే దొరికినా 450 రూపాయలు. రైతు బస్తాకు చెల్లిస్తున్నది సుమారు 266 రూపాయలే. పూడిమడక లక్ష్యానికి రోజుకు ఏడున్నర కోట్ల యూనిట్లు కావాలి. ఎండ పగలే ఉంటుంది, గాలి తన ఇష్టాన వీస్తుంది. యంత్రం నిరంతరం నడవాలంటే పిన్నాపురంలో నిర్మించిన 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజి వంటి నిల్వలు అవసరం. నంగల్ పాఠం సరిగ్గా ఇక్కడే వర్తిస్తుంది.

5.2 నీరు: కిలో ఉదజనికి రసాయనికంగానే తొమ్మిది లీటర్ల శుద్ధజలం కావాలి. 50 లక్షల టన్నులకు దాదాపు 1.6 టీఎంసీలు. శుద్ధి, శీతలీకరణ అవసరాలు దీనికి అదనం. దేశం మొత్తానికి ఇది పెద్ద పరిమాణం కాదు. ఒకే తీరంలో కేంద్రీకృతమైతే మాత్రం ప్రశ్న ఎదురవుతుంది. ఉప్పుటేరు గుండా ఎగదన్నే ఉప్పునీటితో పోరాడుతున్న కొల్లేటి ప్రజలకు మంచినీటి విలువను వేరుగా చెప్పనక్కరలేదు. తీరంలోని కేంద్రాలు సముద్రజలాన్ని శుద్ధిచేసుకోవడమే న్యాయం.

5.3 నిల్వ, రవాణా: సాధారణ పీడనం వద్ద కిలో ఉదజని పదకొండు ఘనపు మీటర్లకు పైగా చోటు ఆక్రమిస్తుంది. దాని పరమాణువులు ఉక్కులోకి చొరబడి లోహాన్ని పెళుసుబరుస్తాయి. పగటి వెలుగులో దాని మంట దాదాపు కనిపించదు. నాగరం విషాదాన్ని చూసిన ప్రాంతంలో గొట్టాల భద్రత మీద ప్రజలకు నమ్మకం కలిగించకుండా ఏ పథకమూ ముందుకు సాగరాదు. మైనస్ 33 డిగ్రీల వద్దే ద్రవమయ్యే అమ్మోనియాగా మార్చి ఓడల్లో పంపడం అనువైన మార్గం. కాకినాడ రేవుకు ప్రాధాన్యం అందువల్లనే.

5.4 బొగ్గుపులుసు వాయువు: ఒక బస్తా యూరియాకు అమ్మోనియాతోపాటు సుమారు 33 కిలోల బొగ్గుపులుసు వాయువు కావాలి. సహజవాయువు నుండి ఉదజనిని తీసేటప్పుడు అది దానంతట అదే లభిస్తుంది. నీటి నుండి తీస్తే లభించదు. అంటే హరిత అమ్మోనియా వచ్చినంత మాత్రాన హరిత యూరియా రాదు. ఆ వాయువును మరొకచోట పట్టి తేవాలి, లేదా రైతు వాడే ఎరువే మారాలి. ఎగుమతికి అమ్మోనియా సులభం, పెదపాడు పొలానికి యూరియా కష్టం. ప్రచారంలో అంతగా కనిపించని ఈ వైరుధ్యమే డెల్టా రైతుకు సంబంధించిన అసలు ప్రశ్న.

6. ముగింపు

పై పరిశీలన వల్ల కింది అంశాలు తేలుతున్నాయి.

1. ఉదజని పరిశ్రమ తెలుగు ప్రాంతానికి కొత్త కాదు. ఎరువు, సోడా, రాకెట్టు రూపాల్లో దాని అనుభవం ఇక్కడ ఉంది.
2. నంగల్, రామగుండం, కాకినాడల ఒడుదుడుకులకు ప్రధాన కారణం మూలశక్తి ధర, నిలకడ. హరిత ఉదజనికి కూడా ఇదే గీటురాయి.
3. ఉదజని ఎగుమతి సరుకు కాకముందే మన పంటకు ప్రాణాధారం. పథకాల లెక్కలో దేశీయ ఎరువుల అవసరానికి స్థానం స్పష్టంగా ఉండాలి.
4. విద్యుద్విశ్లేషణలో కిలో ఉదజనికి ఎనిమిది కిలోల ఆమ్లజని కూడా వెలువడుతుంది. తెల్లవారుజామున ఆమ్లజని తగ్గి చేపలు నీటిపైకి తేలే కొల్లేటి చెరువులకు చిన్నతరహా యంత్రాల ద్వారా దానిని అందించవచ్చునా అన్నది పరిశోధనార్హం. తాడేపల్లిగూడెంలో 2015 నుండి ఉన్న జాతీయ సాంకేతిక సంస్థ వంటివి ఈ ప్రాంతపు అవసరాన్ని పరిశోధనాంశంగా స్వీకరించవచ్చు.

పొలంలో వేసిన యూరియాలో పైరు తీసుకోని భాగం కాలువల వెంట కొల్లేరు చేరి గుర్రపుడెక్కకు బలమవుతున్నది. కనుక ఎక్కువ ఉదజనిని తయారుచేయడంతోపాటు, తయారైన ప్రతి కిలోను వృథా కానివ్వకపోవడమూ ఈ ఆర్థికవ్యవస్థలో భాగమే. ఆ పొదుపును ఏ కర్మాగారం కోసమూ ఎదురుచూడకుండా పెదపాడు చేలలోనే మొదలుపెట్టవచ్చు.