కోపం వేరు, బీపీ వేరు: రక్తపోటుతో మనసుకు, మెదడుకు ఏమవుతుంది?

‘అబ్బాకు బీపీ లేచింది, ఇప్పుడేం అడగకు.’ మన ఇళ్లలో ఈ మాట మామూలే. కోపిష్టికే బీపీ ఉంటుందని, నెమ్మదస్తుడికి రాదని అనుకుంటాం. ఇది పెద్ద పొరపాటు. కోపంలో, భయంలో రక్తపోటు కాసేపు పెరిగి దిగిపోతుంది. జబ్బుగా మారిన రక్తపోటు మనిషి ప్రశాంతంగా కూర్చున్నా ఎక్కువగానే ఉంటుంది. చాలామందికి లక్షణాలే కనిపించవు. వేర్వేరు రోజుల్లో డాక్టర్ దగ్గర చూసినప్పుడు 140/90 లేదా అంతకు మించి ఉంటే హైపర్‌టెన్షన్ అంటారు.

భావాల మీద ప్రభావం

అమెరికాలోని క్లెమ్సన్ యూనివర్సిటీకి చెందిన జేమ్స్ మెకబిన్ బృందం 2011లో ఒక అధ్యయనం ప్రచురించింది. రక్తపోటు ఎక్కువున్నవారు ఇతరుల ముఖాల్లో, రాతల్లో ఉన్న కోపం, భయం, బాధ, సంతోషాలను గుర్తించడంలో వెనకబడ్డారు. దీనికి బీపీయే కారణమని తేలలేదు, సంబంధం మాత్రం కనిపించింది. కాబట్టి ఇంట్లో పెద్దాయన ‘మన బాధ పట్టించుకోడు’ అని నిందించే ముందు ఒకసారి బీపీ చూపించడం మంచిది.

మెదడు మీద ప్రభావం

ఏళ్ల తరబడి బీపీ ఎక్కువుంటే మెదడు లోపలి సన్నని రక్తనాళాలు గట్టిపడతాయి, రక్తం సరిగా అందదు. దాంతో ఆలోచన వేగం, ఏకాగ్రత, పనిని వరుసగా చేసే నేర్పు తగ్గవచ్చు. దుకాణం లెక్క చూడటానికి మునుపటి కన్నా ఎక్కువసేపు పట్టవచ్చు. నడివయసులో బీపీని వదిలేస్తే ముసలితనంలో డిమెన్షియా ముప్పు పెరుగుతుంది.

ఊరటనిచ్చే విషయమూ ఉంది. అమెరికాలో 50 ఏళ్లు దాటిన 9,300 మందికి పైగా పాల్గొన్న ‘స్ప్రింట్ మైండ్’ ఫలితాలు 2019లో వచ్చాయి. పై అంకెను 140 లోపు కాకుండా 120 లోపు ఉంచేలా చికిత్స ఇచ్చినవారిలో తేలికపాటి జ్ఞాపకశక్తి, ఆలోచన లోపాలు 19 శాతం తక్కువ. డిమెన్షియా విషయంలో మాత్రం స్పష్టమైన తేడా తేలలేదు. ఎవరికి ఎంత వరకు తగ్గించాలో డాక్టరే చెప్పాలి.

ఏం చేయాలి?

బీపీ చూసే ముందు అరగంట పాటు చాయ్, సిగరెట్ వద్దు. వీపు ఆనించి, కాళ్లు నేలపై పెట్టి ఐదు నిమిషాలు కూర్చోవాలి. చూస్తున్నప్పుడు మాట్లాడకూడదు. ‘కోపం తగ్గింది కదా’ అని మాత్రలు ఆపొద్దు. రంజాన్‌లో మాత్రల వేళలు ఎలా మార్చుకోవాలో ముందే డాక్టర్‌ను అడగండి. ఉన్నట్టుండి మూతి వంకరపోయినా, మాట తడబడినా, ఒక చెయ్యి పడిపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

బీపీ ఉందో లేదో ముఖం చూసి చెప్పలేం. మిషన్‌తో చూస్తేనే తెలుస్తుంది.